ముక్కు కాదు, కాళ్ళు చూడండి

టొరంటో నుంచి 401 హైవే మీద ఏ దిక్కుకు వెళ్ళినా చలికాలంలో ఒక దృశ్యం కంటపడుతుంది. ఆకు రాలిన కొమ్మ మీదో, రోడ్డు పక్క దీపస్తంభం మీదో ఒక పక్షి మెడ కుదించుకుని కూర్చుని ఉంటుంది. తెల్లని రొమ్ము, పొట్ట దగ్గర ముదురు చారల పట్టీ. "అదుగో గద్ద!" అంటాం ముందు సీట్లో పెద్దవాళ్ళం. "గద్ద కాదు, రెడ్ టెయిల్డ్ హాక్" అని వెనక సీట్లోంచి పిల్లలు దిద్దుతారు.

పిల్లలు చెప్పింది నిజమే. అయితే మన భాషకు ఈ తేడాలు తెలియవనుకుంటే మాత్రం నేను ఒప్పుకోను. గద్ద వేరు, డేగ వేరు, సాళువ వేరు, రాబందు వేరు. గుడ్లగూబకు పైడికంటి అన్న అందమైన పేరుంది. విజయనగరాన్ని ఏలిన సాళువ వంశం పేరులో ఉన్నది వేటడేగే. సంక్రాంతి బరిలో ఎర్రకోడిని నేటికీ డేగ అనే పిలుస్తారు. డేగను ముంజేతి మీద నిలబెట్టుకుని వేటకెళ్ళే మనిషి మన మధ్య లేకుండా పోయాడు. కోడిపిల్లను తన్నుకుపోయే గద్ద ఒక్కటే కంటి ముందు మిగిలింది. దాంతో అన్నిటికీ ఆ పేరే చాలిపోయింది.

కెనడాలో ఆ పేరు చాలదు. గుడ్లగూబలే ఇక్కడ 16 రకాలు గూడు కడతాయి. రాష్ట్రాల పక్షుల జాబితా చూసినా ఈ జాతుల మీద ఈ దేశానికున్న మోజు తెలుస్తుంది. అల్బర్టాకు కొమ్ముల గుడ్లగూబ, మానిటోబాకు బూడిదరంగు పెద్ద గుడ్లగూబ, క్విబెక్‌కు మంచు గుడ్లగూబ, నోవా స్కోషియాకు చేపలు పట్టే ఆస్ప్రే, నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌కు జిర్‌ఫాల్కన్. దేశం మొత్తానికి మాత్రం అధికారికంగా జాతీయ పక్షి లేదు. 2016లో కెనడియన్ జియోగ్రాఫిక్ పత్రిక ఆ గౌరవానికి ఒక పేరు ప్రతిపాదించింది, అది కూడా గ్రే జే అనే చిన్న అడవి పిట్టది. వేటపక్షుల అభిమానులు నొచ్చుకున్నారు.

ఇన్ని జాతులనూ ఒకే గాటన కట్టేది ఏమిటి? చుట్టరికం మాత్రం కాదు. 2008లో పక్షుల జన్యువులను పోల్చి చూసిన పెద్ద అధ్యయనం ఒకటి పాత వంశవృక్షాన్ని తలకిందులు చేసింది. ఫాల్కన్లు, అంటే మన సాళువలూ బైరి డేగలూ, గద్దలకన్నా చిలకలకు దగ్గరి బంధువులని తేలింది. గుడ్లగూబలది మరో కొమ్మ. వంకీ ముక్కు, కొక్కేల్లాంటి గోళ్ళు, ముందుకు చూసే కళ్ళు ఇన్నింటికీ వచ్చాయంటే చేసే పని ఒకటే కావడం వల్ల. కమ్మరి కొలిమి ఏ ఊళ్ళో ఉన్నా సుత్తీ పటకారూ ఒకే తీరుగా ఉన్నట్టు.

ఆ పనిముట్లలో మనిషి కళ్ళు ముందు ముక్కు మీద పడతాయి. గద్దముక్కు అన్న మాట మనకు సామెతలాంటిది. నిజానికి చాలా జాతుల్లో ముక్కుతో చంపడం ఉండదు, అది వడ్డించిన విస్తరి ముందు వాడే కత్తి మాత్రమే. చంపేది కాళ్ళు. వేళ్ళు బిగుసుకున్నాక స్నాయువులు గాడిలో పడి తాళం వేసినట్టు నిలిచిపోతాయి, పట్టు సడలకుండా ఉండడానికి కండకు అదనపు శ్రమ అక్కర్లేదు. అందుకే ఒక వేటపక్షి ఎలా బతుకుతుందో తెలియాలంటే నేను కాళ్ళు చూస్తాను. పిట్టలను పట్టేదానికి సన్నటి పొడవైన వేళ్ళు. నేల ఉడతలను పట్టేదానికి పొట్టి లావు వేళ్ళు. మంచులో వేటాడేదానికి గోళ్ళదాకా ఈకల మేజోళ్ళు.

కోపంగా కనిపించే ఆ ముఖం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. గద్దకు కోపమేమీ లేదు. కంటి పైన చూరులా ముందుకొచ్చిన ఎముక ఎండ పొడను ఆపుతుంది, కొమ్మలు గుచ్చుకోకుండా కాస్తుంది. ఆ చూరు లేని ఆస్ప్రే ముఖం చూడండి, ఎప్పుడూ ఏదో ఆశ్చర్యపోయినట్టే ఉంటుంది.

ఆడపక్షి మగదానికన్నా పెద్దది కావడం ఈ వర్గంలో మరో వింత. షార్ప్ షిన్డ్ హాక్ అనే చిన్న అడవి డేగలో మగది ఆడదాని బరువులో సగానికి కాస్త పైగా మాత్రమే తూగుతుంది. గూడు కాచేది ఆడది కాబట్టి పెద్దదైందని కొందరు, ఇద్దరూ వేర్వేరు సైజు ఎర పడితే కాపురం గడుస్తుందని కొందరు, చురుకైన పిట్టల వెంట తిరగాలంటే మగది తేలిగ్గా ఉండాలని ఇంకొందరు వాదిస్తారు. ఎర ఎంత చురుకైనదైతే ఆడామగల తేడా అంత ఎక్కువ, రాబందుల్లో దాదాపు లేదు. కాబట్టి నా ఓటు మూడో వాదానికి.

ఇక వేట. బైరి డేగ కథతో మొదలుపెట్టకపోతే పాఠకులు క్షమించరు. కాకి సైజు పక్షి, నెత్తిన నల్లటోపీ, చెంపల మీద గుబురు మీసంలాంటి మచ్చ. పైనుంచి రెక్కలు ముడుచుకుని దూకినప్పుడు దాని వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. ముక్కురంధ్రాల్లో చిన్న దిమ్మెలుంటాయి, ఆ వేగంలో గాలి నేరుగా ఊపిరితిత్తుల్లోకి కొట్టకుండా అవి ఆపుతాయంటారు. కాళ్ళతో చరుస్తుంది, ఎర ఇంకా బతికుంటే ముక్కు అంచున ఉన్న పన్నులాంటి నొక్కుతో మెడ కొరికి తెంపుతుంది. ముక్కు చంపదన్న నా మాటకు ఫాల్కన్లే మినహాయింపు.

ఇంతకన్నా నాకు నచ్చిన సంగతి అది దూకే దారి. దూరం నుంచి ఎరను చూసిన బైరి డేగ గీత గీసినట్టు నేరుగా రాదు, వంపు తిరుగుతూ వస్తుంది. దాని కంట్లో అన్నిటికన్నా పదునుగా చూసే చోటు ముందుకు కాక సుమారు 45 డిగ్రీలు పక్కకు తిరిగి ఉంటుంది. తల పక్కకు తిప్పి చూస్తూ నేరుగా దూకితే గాలి తల మీద కొట్టి వేగం చంపుతుంది. తల నిటారుగా పెట్టి, ఎరను ఓరకంట పట్టుకుని, చుట్టు తిరుగుతూ రావడమే లాభం. దారి పొడవైనా ముందు చేరేది అదే. అమెరికా శాస్త్రవేత్త వాన్స్ టకర్ 2000లో ఈ లెక్క వివరంగా చూపించాడు.

కొండచరియల మీద గుడ్లు పెట్టే ఈ పక్షికి నగరాల్లోని ఎత్తయిన మేడలు కొండల్లాగే తోచాయి. 1940లలోనే మాంట్రియల్ సన్ లైఫ్ భవనం గట్టు మీద ఒక జంట పిల్లలను లేపేది. ఇప్పుడు అదే ఊళ్ళో విశ్వవిద్యాలయ గోపురం మీద మరో జంట గూటిని జనం కెమెరాల్లో చూస్తుంటారు. టొరంటో పియర్సన్ విమానాశ్రయంలో ఫాల్కన్లదీ డేగలదీ ఉద్యోగమే. రన్‌వే మీద పిట్టలూ బాతులూ చేరకుండా వాటిని బెదిరించడం వాటి పని. హైదరాబాద్ నుంచి అక్కడ దిగే మనవాళ్ళలో ఎంతమంది ఆ సంగతి గమనించారో!

ఆకాశం నుంచి దూకేవాళ్ళు కొందరైతే, చెట్ల మధ్య తరిమేవాళ్ళు మరికొందరు. గాస్‌హాక్, కూపర్స్ హాక్, షార్ప్ షిన్డ్ హాక్ పొట్టి గుండ్రటి రెక్కలు, పొడుగాటి చుక్కాని తోక ఉన్న అడవి డేగలు. కొమ్మల సందుల్లో మలుపు తిరుగుతూ పిట్ట వెంటపడతాయి. ఈ సాహసానికి ధర ఉంది. 300కు పైగా కూపర్స్ హాక్ అస్థిపంజరాలు పరిశీలిస్తే 23 శాతంలో రొమ్ము ఎముకలు విరిగి అతుక్కున్న ఆనవాళ్ళు కనిపించాయి. మన షిక్రా, అంటే జాలె డేగ, ఈ కుటుంబంలోదే. పెరట్లో పిచ్చుకలకు గింజలు వేసే కెనడా ఇంటివాళ్ళు ఒకరోజు ఉదయం వీటిని చూసి గుండె పట్టుకుంటారు. పిట్టలకు పెట్టిన పళ్ళెం డేగకూ పళ్ళెమే అయింది, అంతే.

పొలాల మీద మనిషి ఎత్తున మెల్లగా ఊగుతూ పోయే హారియర్‌ది ఇంకో దారి. తోక మొదట్లో తెల్లటి మచ్చ ఉంటే అదే. మగది లేత బూడిదరంగు, ఆడది మట్టిరంగు. మన వైపు పిల్లిగద్దలంటారు, రోళ్ళపాడు గడ్డిబయళ్ళకు చలికాలంలో వాటి అన్నదమ్ములు వస్తాయి. ముఖం చుట్టూ గుడ్లగూబకున్నట్టు ఈకల పళ్ళెం ఉంటుంది. గడ్డిలో ఎలుక కనబడకపోయినా గరగర వినబడితే చాలు. కెస్ట్రెల్ అనే పిడికెడు ఫాల్కన్‌ది గాలిలో ఒకే చోట నిలబడి కిందికి చూసే పద్ధతి. ఎలుకల మూత్రపు చారలు వాటి కంటికి అతినీలలోహిత కాంతిలో మెరుస్తాయని 1990లలో వచ్చిన ఒక కథ ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో తిరుగుతోంది. తర్వాత జరిగిన పరీక్షలు దాన్ని గట్టిగా సమర్థించలేదు. కథ బాగుందని మాత్రం చెప్పగలను.

నీళ్ళ వేటకు ఆస్ప్రేను మించినది లేదు. మన కొల్లేరుకూ పులికాట్‌కూ చలికాలంలో వచ్చేదీ ఇదే జాతి. కెనడాలో చెరువుగట్టు కరెంటు స్తంభాల మీద పుల్లలు పేర్చి కాపురం పెడుతుంది. కాళ్ళు ముందుకు చాచి నీళ్ళలోకి దూకుతుంది, ముక్కురంధ్రాలు మూసుకోగలదు. బయటి వేలు వెనక్కి తిప్పి ముందు రెండు, వెనక రెండుగా పట్టు బిగిస్తుంది. అరికాలు ఆకురాయిలా ముళ్ళతో ఉంటుంది, చేప జారదు. పైకి లేచాక చేపను తల ముందుకు వచ్చేలా తిప్పుకుని పట్టుకుంటుంది, గాలి ఆపకుండా. చేపను గట్టు చేర్చేలోపు బాల్డ్ ఈగిల్ వచ్చి లాక్కుపోవడం కూడా ఈ దృశ్యంలో భాగమే.

ఆ తెల్లతల గద్ద గురించి ఒక భ్రమ తొలగించాలి. రెక్కలు చాపితే రెండు మీటర్లు, పసుపు ముక్కు, చూపులో రాజసం. కానీ గొంతు పిచ్చుకలా కిచకిచ. సినిమాల్లో ఈగిల్ ఎగిరినప్పుడు వినిపించే ఆ గగుర్పొడిచే కేక మన హైవే మీది రెడ్ టెయిల్‌ది, అరువు గొంతు. తల తెల్లబడడానికి నాలుగైదేళ్ళు పడుతుంది. అప్పటిదాకా మచ్చలమచ్చల గోధుమరంగు, కొత్తవాళ్ళు గోల్డెన్ ఈగిల్ అని పొరబడతారు. చేపలు పడుతుంది, బాతులను పడుతుంది, చచ్చిన చేపలూ తింటుంది, దొరికితే దొంగిలిస్తుంది. దాన్ని పిరికిదని, దొంగని తిట్టినవాళ్ళున్నారు. నాకైతే అది లెక్క తెలిసిన సంసారిలా కనిపిస్తుంది. వేటపక్షి చేసే ప్రయత్నాల్లో చాలా భాగం వృథా పోతుంది, మొదటి ఏడాది దాటని పిల్లలే ఎక్కువ. శ్రమ లేకుండా వచ్చిన తిండిని ఏ పక్షి వదులుకుంటుంది?

బ్రిటిష్ కొలంబియాలో స్క్వామిష్ దగ్గర బ్రాకెన్‌డేల్ అనే చోటు ఉంది. చలికాలంలో గుడ్లు పెట్టి చనిపోయిన సాల్మన్ చేపలు నది ఒడ్డున మేట వేస్తాయి. వాటి కోసం చెట్ల మీద గద్దలు పళ్ళలా కాస్తాయి. 1994 జనవరిలో ఒక్క రోజు లెక్కలో 3,769 తేలాయి. దేశానికి ఆ కొసన నోవా స్కోషియాలో షెఫీల్డ్ మిల్స్ అనే పల్లె. కోళ్ళఫారాల రైతులు చచ్చిన కోళ్ళను పొలంలో పడేస్తే గద్దలు చేరడం మొదలైంది. ఇప్పుడు ఏటా చలికాలంలో అదో జాతర. కోడిని తన్నుకుపోతుందని గద్దను తరిమిన ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళకు కోడిని గద్దకు వడ్డించే ఊరు కాస్త వింతగానే ఉంటుంది.

ఈ పక్షి గురించి విన్నవాటిలో నన్ను ఇప్పటికీ వదలని సంగతి 2017లో వాంకోవర్ ద్వీపంలోని సిడ్నీ పట్టణంలో జరిగింది. బాల్డ్ ఈగిళ్ళ గూట్లో వాటి మూడు పిల్లలతో పాటు నాలుగోది, వాటిలో సగం కూడా లేనిది, కనిపించింది. అది రెడ్ టెయిల్డ్ హాక్ పిల్ల. ఆ రెండు జాతులకూ బద్ధవైరం. పిల్లలకు మేతగా తెచ్చి పడేసిన ఎర అది అయ్యుంటుందని, ప్రాణంతో ఉండి నోరు తెరిచి అడుక్కోవడంతో తల్లి పెట్టేసి ఉంటుందని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ విశ్రాంత ఆచార్యుడు డేవిడ్ బర్డ్ వివరించాడు. నోరు తెరిచినదానికి పెట్టడం తల్లి ఈగిల్ ఒంట్లో ఉన్న ఆజ్ఞ, అడిగేది ఎవరన్న ప్రశ్న అందులో లేదు. పిల్ల బతికింది, ఎగిరింది. కాకి గూట్లో కోకిల మోసంతో పెరుగుతుంది. ఇక్కడ మోసమే లేదు, ఆకలి ఒక్కటే ఉంది.

పడమటి తీరంలో హైడా ఆదివాసీల సమాజమంతా రెండు పాయలు, కాకి వంశం, ఈగిల్ వంశం. ఒకే పాయవాళ్ళు పెళ్ళాడకూడదు, మన గోత్రాల్లాగే. మైదానాల ఆదివాసీ తెగల్లో ఈగిల్ ఈక గౌరవ చిహ్నం. 1990 జూన్‌లో మానిటోబా శాసనసభలో ఎలైజా హార్పర్ అనే ఆదివాసీ సభ్యుడు ఆ ఈక చేతబట్టుకునే మీచ్ లేక్ రాజ్యాంగ ఒప్పందానికి అడ్డం చెప్పాడు. దేశ రాజ్యాంగ సవరణ అక్కడే ఆగింది.

గుడ్లగూబల దగ్గరికి వస్తే చూపు వెనక్కి పోయి వినికిడి ముందుకొస్తుంది. మానిటోబా వారి బూడిదరంగు పెద్ద గుడ్లగూబ చూపుకు మేకపిల్లంత ఉంటుంది, తూకానికి నాటుకోడికన్నా తక్కువ. మిగతాదంతా ఈకలు. చక్రాల్లాంటి ముఖం ఒక పెద్ద చేట, శబ్దాన్ని పోగుచేసి చెవుల్లోకి చెరుగుతుంది. చెవి రంధ్రాలు రెండూ ఒకే ఎత్తులో ఉండవు. ఆ తేడాతోనే శబ్దం పైనుంచో కిందనుంచో పోల్చుకుంటుంది. రెక్క ముందంచున దువ్వెన పళ్ళు, పైన మఖమలు నూగు, వెనకంచున కుచ్చు ఉంటాయి. అందుకే ఎగురుతుంటే చప్పుడుండదు.

సమస్య మంచు. అరమీటరు మంచు కింద సొరంగాల్లో తిరిగే పొట్టితోక ఎలుక చప్పుడు పైకి వచ్చేసరికి వంగిపోతుంది, నీళ్ళలో పెట్టిన కర్ర వంగి కనిపించినట్టు. ఉన్నచోట కాక పక్కన ఉన్నట్టు వినబడుతుంది. 2022లో మానిటోబాలో జరిపిన పరిశోధన ఈ పక్షి దాన్నెలా జయిస్తుందో చూపించింది. కొమ్మ మీంచి వచ్చి, ఎరకు సరిగ్గా నెత్తిన గాల్లో ఆగుతుంది. నిట్టనిలువుగా వచ్చే చప్పుడు వంగదు. అప్పుడు కాళ్ళు ముందుకు పెట్టి మంచులోకి దిగబడుతుంది. 

మంచు గుడ్లగూబ కథ వేరు. ఉత్తర ధ్రువ వేసవిలో రాత్రే ఉండదు, పగలే వేటాడాలి. మగది ముదిరేకొద్దీ మల్లెపువ్వంత తెల్లబడుతుంది, ఆడదానికి నల్లచారలు మిగులుతాయి. లెమ్మింగులు విరివిగా పుట్టిన ఏడాది పిల్లలు ఎక్కువ, ఆ చలికాలం కుర్రపక్షులు గుంపులుగా దక్షిణానికి దిగుతాయి. 2013-14 అలాంటి ఏడాదే. చెట్లు లేని టండ్రా అనుకుని విమానాశ్రయాల్లో వాలతాయి, ప్రాణాలమీదికి తెచ్చుకుంటాయి. 2016 జనవరిలో మాంట్రియల్ 40వ నంబరు హైవే ట్రాఫిక్ కెమెరా ముందు ఒకటి రెక్కలు విప్పి వచ్చింది. క్విబెక్ రవాణా మంత్రి ఆ బొమ్మ బయటపెడితే లోకమంతా చూసింది. గుడ్లగూబ ఇంటి మీద వాలితే అపశకునమనుకునే మనవాళ్ళు కూడా ఆ ఫొటోను వాట్సాప్‌లో శుభోదయాలకు వాడారు.

రాబందును వేటగాళ్ళ పంక్తిలో కూర్చోబెట్టాలా అన్నది పాత తగాదా. ఎర్రటి బోడితల టర్కీ వల్చర్ వేటాడదు, కానీ వాసన పట్టి శవాన్ని కనిపెట్టడంలో దానికి సాటి లేదు. పక్షులకు వాసనే తెలియదన్న నమ్మకం చాలాకాలం చెలామణీ అయింది. గ్యాసు పైపులు కారేచోట ఇవి చుట్టూ తిరగడం చూశాక అది పోయింది.

వలస మీద వేరే వ్యాసం రాయొచ్చు, ఇక్కడ రెండు చోట్ల పేర్లు చాలు. నీళ్ళ మీద వేడిగాలి లేవదు కాబట్టి పెద్ద రెక్కల పక్షులు సరస్సు దాటవు. దాంతో సెప్టెంబరు మధ్యలో ఒంటారియో వేటపక్షులెన్నో ఈరీ సరస్సు ఉత్తరపుటొడ్డున హాక్ క్లిఫ్, హాలిడే బీచ్ మీదుగా గరాటులో పోసినట్టు సాగుతాయి. అల్బర్టాలో రాకీ కొండల అంచున గోల్డెన్ ఈగిళ్ళ రాజమార్గం ఉందని 1992 మార్చి 20న పీటర్ షెరింగ్టన్ కనిపెట్టేదాకా ఎవరికీ తెలియదు. అంత పెద్ద పక్షులు, ఏటా వేల సంఖ్యలో, కాల్గరీ పక్కనుంచే! పైకి చూసినవాళ్ళు లేరు.

వేటపక్షి తినే ప్రాణులు తినేవాటిని మనం ఏంచేస్తామో అది చివరికి దాని ఒంట్లో తేలుతుంది. మలేరియావాళ్ళు మన ఇళ్ళ గోడలకు కొట్టిన డీడీటీయే కెనడా పొలాల్లో పురుగుల నుంచి పిట్టలకు, పిట్టల నుంచి బైరి డేగకు ఎక్కింది. గుడ్డు పెంకుకు సున్నం చాలక, పొదిగే తల్లి బరువుకే గుడ్లు చితికేవి. 1978లో ఆ జాతిని అంతరించే జాబితాలో చేర్చేనాటికే అల్బర్టాలోని వెయిన్‌రైట్‌లో రిచర్డ్ ఫైఫ్ బృందం పంజరాల్లో జంటలు కట్టించి పిల్లలను పెంచుతోంది. వెయ్యికి పైగా పక్షులను కొండలకూ మేడలకూ వదిలారు. డీడీటీ వాడకం ఆగడంతో గుడ్లు గట్టిపడ్డాయి. 2017లో ఇక ప్రమాదం లేదని నిపుణుల సంఘం తేల్చింది. బ్రిటిష్ కొలంబియాలో ఎలుకల మందు గుడ్లగూబల కాలేయాల్లో దొరకడంతో కొన్ని రకాల మందులను 2021లో తాత్కాలికంగానూ, 2023 నుంచి శాశ్వతంగానూ కట్టడి చేశారు.

మూడో ఉదంతం గుంటూరు, వరంగల్ రైతులకు బాగా అర్థమవుతుంది. ప్రెయిరీల్లో కాపురముండే స్వెయిన్‌సన్స్ హాక్ ఇక్కడ పిల్లలకు గోఫర్లు, అంటే నేల ఉడతలు పెడుతుంది. చలికాలానికి అర్జెంటీనా పోయి అక్కడ మిడతలు తిని బతుకుతుంది. 1990ల మధ్యలో అక్కడి పొలాల్లో ఇవి కుప్పలుగా చచ్చిపడ్డాయి. కొన్నిటి కాళ్ళకు సస్కచ్వాన్‌లో వేసిన కడియాలున్నాయి. ఆ ప్రాంతంలో సస్కటూన్ డాక్టరు స్టువర్ట్ హ్యూస్టన్ దశాబ్దాలపాటు గూళ్ళెక్కి పిల్లలకు కడియాలు తొడిగాడు. 1995-96 చలికాలంలో చచ్చినవి సుమారు 20,000 అని అంచనా. కారణం మోనోక్రోటోఫాస్, మన పత్తిచేలో 'మోనో' అని పిలిచే ఆ మందే. మిడతల మీద కొట్టారు, మిడతలను గద్దలు తిన్నాయి. తయారీదారులు అక్కడ దాన్ని వెనక్కి తీసుకున్నారు, తర్వాత అర్జెంటీనా నిషేధించింది. పక్షులు చావడం ఆగింది.

ఏప్రిల్ నెలాఖరుకు అవి మళ్ళీ సస్కచ్వాన్ చేరతాయి. ట్రాక్టరు దుక్కిలోకి దిగగానే వెనకాలే పదీ ఇరవై వాలతాయి, మట్టిలోంచి లేచిన ఎలుకలనూ పురుగులనూ ఏరుకుంటూ, మన పొలంలో నాగలి వెంట కొంగలు నడిచినట్టు.